ఇందాకటిలాగే

మలికిపురం దాటాక టవరు ఒక్కటే.
ఆ ఒక్కటీ తాటితోపు మీదుగా
రెండు గీతల సిగ్నలు పంపుతుంది, గాలి బాగుంటే.
రొయ్యల చెరువు గట్టున ఇనప స్తంభం,
దాని నెత్తిన సోలారు పలక,
పలక కింద నేను, నోట్లో స్క్రూడ్రైవరు,
నిచ్చెన పట్టుకుని కింద తాతారావు.

భీమవరం నుంచి జోగిరాజు గారు ఫోన్లో:
"బొమ్మ బాగుండాలి. డేటా తక్కువవ్వాలి. మధ్యలో ఆగకూడదు."
మూడు కోరికలు.
రెండే తీరతాయని
ఈ పనిలో మొదటి ఏడాదే తెలిసింది నాకు.

లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని జాబితా తెరిచాను.
ఎమ్‌జేపెగ్ ఒట్టి అమాయకురాలు.
సెకనుకి పదిహేను ఫొటోలు,
ప్రతి ఫొటోలోనూ మొత్తం చెరువు, మొత్తం ఆకాశం,
అదే కొంగ పదిహేను సార్లు.
నెల డేటా మధ్యాహ్నం భోజనాలకే ఐపోతుంది.

హెచ్ రెండొందల అరవై నాలుగు లెక్క తెలిసిన మనిషి.
ఒక్కసారి అంతా చూసి రాసుకుంటుంది,
ఆపైన మారినంత మేరకే.
కొంగ ఎగిరితే కొంగని, ఏరేటరు తిరిగితే నురగని.
మిగతా చెరువుకంతటికీ ఒకటే మాట:
ఇందాకటిలాగే.

అరవై ఐదు దీని చెల్లెలు, ఇంకా పిసినారి,
సగం చోటులో అంతే బొమ్మ సర్దుతుంది.
రాజుగారి పాత టాబ్‌కి మాత్రం దాని భాష రాదు.
నల్లటి తెర, మధ్యలో తిరిగే సున్నా.

"ఏంటమ్మాయ్ అంత ఆలోచన?"
"నీళ్ళు వదలాలి బాబాయ్, ఏ కాలవకి ఎంతో."
అది ఆయనకి అర్థమయింది.
వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు లాకుల దగ్గర లస్కరు.
"పెద్దకాలవ నిండా వదులు,
పిల్లకాలవకి వంతు పెట్టు."

అలాగే పెట్టాను.
పెద్ద పాయ అరవై ఐదులో, నిండు బొమ్మ,
స్తంభం దిగదు, పెట్టెలో కార్డులోకే.
చిన్న పాయ అరవై నాలుగులో, సన్నగా, సెకనుకి ఆరు ఫ్రేములు,
టవరెక్కి భీమవరం పోతుంది.

అప్పుడన్నారు రాజుగారు:
"రెండో కెమెరా చెరువు వైపొద్దు. మంచం వైపు తిప్పు.
కాపలావోడు రాత్రుళ్ళు పడుకుంటున్నాడేమో."
స్పీకరు ఆన్‌లోనే ఉంది.
తాతారావు నిచ్చెన వదల్లేదు.

తిప్పాను.

నాలుగో రోజున ఫోను:
"పదకొండింటిదాకా చూశా, కదిలితే ఒట్టు. నిద్రే!"
రాజోల్లో షాపులో కూర్చుని చిన్న పాయ చూశాను.
నిజమే, మంచం మీద బూడిదరంగు ముద్ద.
అన్ని తక్కువ బిట్లలో మనిషికి మొహం మిగలదు,
కళ్ళు తెరిచాడో మూశాడో ఆ గళ్ళలో తేలదు.
కదలని వాడి గురించి యంత్రం కొత్తగా ఏమీ రాయదు.
ఇందాకటిలాగే, ఇందాకటిలాగే.

బండేసుకుని వెళ్ళి కార్డు తీశాను.
పెద్ద పాయలో, రెండూ నలభైకి,
ముద్దలోంచి ఒక తల లేచింది.
ఏరేటర్ల మోత ఆగిపోయి ఉంటుంది.
కెమెరాకి చెవుల్లేవు, రాజుగారు వద్దన్నారు, ఖర్చని.
టార్చి నీటి మీద పరిచాడు.
అంచంతా చుక్కలు, గాలి కోసం పైకొచ్చిన రొయ్యల కళ్ళు,
రాత్రి బొమ్మకి రంగుండదు కాబట్టి నాకు తెల్లగా,
ఆయనకి ఎర్రగా.
చిన్న పాయలో ఆ చుక్కలే లేవు.
మసకనుకుని కడిగేసింది.

జనరేటరు తాడు మూడుసార్లు లాగాడు.
చెరువు మళ్ళీ నురగయింది.
బిట్‌రేటు గీత తాటిచెట్టంత లేచి పడుకుంది.
ఆయన మాత్రం మంచం అంచున కూర్చున్నాడు,
నాలుగూ పదికి కార్డులో బొమ్మ ఐపోయేదాకా.
మబ్బురోజుల బ్యాటరీ, అంతే వస్తుంది.

ఆ ముక్కని టాబ్ చూడగలిగే భాషలోకి మార్చి,
చుక్కలు పోకుండా బిట్లు ఎక్కువ పోసి,
నా సొంత డేటాతో పంపాను.
రెండు నీలం టిక్కులు. జవాబు లేదు.

నిచ్చెన దిగుతుంటే తాతారావు అడిగాడు:
"నా గురించి ఏం రాసుకుందమ్మాయ్ అది?"
"ఎక్కువేం లేదు బాబాయ్. ఒకసారి లేచావని."
"రెండుసార్లు," అన్నాడు.
"రెండోసారికి దాని దీపం ఆరిపోయుంది."