తొలి గంప

పరదేశీ,
నిన్న రాత్రి నువ్వడిగావు కదా,
సొంతంగా ఒక సైటు పెడుతున్నానని,
ఏ రంగు వెయ్యాలి, ఏ అక్షరం బాగుంటుంది,
పైన బొమ్మ కదలాలా, కదలకూడదా అని.
జవాబు చెప్పకుండా టీ తాగేసి వచ్చేశాను.
తెలియక కాదు.
మూడు నెలలు నేనూ రంగులే వేశాను,
లోపల ఒక్క వాక్యం లేదు.
కొత్త పడవకి పేరు రాసి, పసుపు పూసి,
దండ వేసి
ఇసకలోనే వదిలేసినట్టు.

మా మైలపిల్లి పోలమ్మ తెలుసుగా,
లాసన్స్ బే కాలనీ మూడో వీధిలో
పొద్దున్న ఏడుంబావుకి వినిపించే గొంతు.
తొలిసారి గంప ఎత్తినరోజు
ఉన్న చేపలన్నిటి పేర్లూ అరిచిందట,
కోనాం, చందువ, పారలు, గులివిందలు, నెత్తళ్ళు.
ఒక్క తలుపూ తెరుచుకోలేదు.
గొంతు బొంగురుపోయి ఒకరి మెట్ల మీద కూలబడితే
ఆ ఇంట్లో అంట్లు తోమే ఆవిడ అందట:
"ఏటమ్మా, రైలు టేసన్లు సదివినట్టు సదివితే
ఏది దిగాలో ఎవులికి తెలుస్తాది?"
మర్నాటి నుంచి ఒక్కటే కేక,
నెత్తళ్ళోయ్!
నెత్తళ్ళ కోసం వచ్చినవాళ్ళు
గంపలో మిగతావి వాళ్ళే చూసుకున్నారు.

నువ్వేమో సముద్రం గురించి రాస్తానంటున్నావు.
వద్దురా.
సముద్రం బీచ్ రోడ్డులో మొక్కజొన్న తినేవాడికీ కనిపిస్తుంది.
మీ నాన్న ఐసు ఫ్యాక్టరీలో
దిమ్మని ఏ మూల కొడితే
ఒక్క దెబ్బకి రెండుగా విడిపోతుందో, అది రాయి.
అది నువ్వు చెప్తే తప్ప
ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు.

తొలివారం నా లెక్కలో ముగ్గురొచ్చారు.
ఒకడు నేను.
ఇంకొకడు, ఫోన్లోంచి నేను.
ఆ మూడోవాడి కోసం
అర్ధరాత్రి లేచి లేచి చూసేవాణ్ణి.
తీరా వాడు గాజువాకలో మా బావమరిది,
కరెంటు బిల్లు కట్టబోయి తప్పు నొక్కాడు.
నవ్వకు, నీకూ వస్తుంది ఆ వారం.
లెక్క చూడొద్దని చెప్పను, నీవల్ల కాదు.
రాశాక చూడు. రాయకముందు చూడకు.

ఇంకోటి.
వేట నిషేధం రెండు నెలలూ
పోలమ్మ ఎండుచేపలతో వస్తుంది,
అదే వీధి, అదే ఏడుంబావు.
చెరువు చేప తెచ్చి
సముద్రం చేపని మాత్రం చెప్పదు.
ఎవరిదో వాక్యం ఎత్తుకొచ్చి నీ గంపలో పెడితే
మొప్ప ఎత్తి చూసేవాళ్ళు
ఎక్కడో ఒకళ్ళుంటారు.

నాకలాంటిది జరిగింది, ఎత్తుకురావడం కాదులే,
తప్పు రాయడం.
కవ్వల ఫొటో పెట్టి కింద కానాగంతలని రాశాను.
భీమిలి నుంచి ఫోను.
"మా మనవరాలు సదివి ఇనిపించింది బావూ,
అయి కానాగంతలు కావు, కవ్వలు.
నీది ఏ ఊరు?"
జాలరి పేటలో పుట్టినవాణ్ణి,
ఏ ఊరని అడిగింది!
రెండు రాత్రులు ఆ పేజీ చెరిపెయ్యబోయాను.
మూడోరోజు
తప్పు పేరు మీద ఒక గీత గీసి, కనపడేలాగే ఉంచి,
పక్కన ఆవిడ చెప్పిన పేరు రాసి
'తెడ్డు అప్పాయమ్మ గారు చెప్పింది' అని పెట్టాను.
అప్పట్నుంచి పది రోజులు నేను రాయకపోతే
ఆవిడే ఫోను చేస్తుంది,
"ఏటి బావూ, వొల ఎండేసినావా?"

ఆవిడకి చదువు రాదు.
నా లెక్కలో ఎక్కడా కనిపించదు.
నేను రాసేదంతా ఇప్పుడు
ఆవిడకి వినపడుతుందా అని
ఒకసారి పైకి చదువుకుని మరీ పెడతాను.

రంగు అడిగావు కదా.
తెల్లకాగితం, నల్లక్షరం.
అక్షరం మాత్రం కాస్త పెద్దగా పెట్టు,
భీమిలిలో ఒక పిల్ల
ఎండలో నిలబడి
పగిలిన ఫోన్లో చదువుతుంది.