ముప్పై గేజి

ముసెంబి అబద్ధమాడలేదు.
రేకు కాలదన్నాడు. కాలలేదు.

నైరోబీలో, గికోంబా సంతలో
పాతబట్టలమ్మే వైతెరా
కొట్టుకు గోడలు కొనడానికొచ్చి
నడుముగుడ్డ ముడి విప్పుతూ అడిగింది:
చెక్కకంటే మేలేనా?
చెక్క నిప్పుకు తిండి, ఇది కాదు, అన్నాడు.
గేజి సంగతి చెప్పింది నేను:
అంకె పెరిగేకొద్దీ రేకు పలచన, అక్కా,
ముప్పై అంటే గోటికన్నా సన్నం.
ఆమె ముప్పయ్యే తీసుకుంది.
ముడిలో డబ్బూ ఆ గేజిదే.

నిప్పు రాత్రి రెండింటికొచ్చింది.
పక్కది చెప్పుల కొట్టు. అంతా రబ్బరు.
రేకు మంటను లోపలికి రానివ్వలేదు,
వేడిని ఆపనూ లేదు.
గుమ్మంలో నిలబడి
అవతలి మాట ఇవతలికి
పొల్లుపోకుండా చేరేసే మనిషిలా
చేరేసింది.
గోడకానించిన స్వెట్టర్ల మూట
మంట మొహం చూడకుండానే అంటుకుంది.

పైపూత తుత్తునాగం ముందు కరిగింది,
నాలుగొందల ఇరవై డిగ్రీలకే,
ఆ తర్వాత తెల్లపొగైపోయింది.
రేకు నీలమై, ఎర్రనై,
నడుం వంచింది. పడలేదు.

పొద్దున
ఇనుప కమ్మీకి వరసగా హ్యాంగర్లు.
ఒక్కదానికీ చొక్కా లేదు.

మూడోరోజు ఆ రేకులు మోయించుకొచ్చి
మా ముందు పడేసింది.
"కాలదన్నావు."
తిట్టినట్టు లేదు, రసీదు చూపినట్టుంది.

ముసెంబి ఒకదాన్ని గోటితో మీటాడు.
కొత్త రేకు ఖంగుమంటుంది. ఇది దగ్గింది.
అంచు పట్టి వంచితే
చపాతీలా మడతపడింది, తిరిగి లేవలేదు.
నిప్పులో నానిన ఇనుముకు పొగరుండదు.
ఇక తుప్పుకీ అడ్డులేదు,
ఒక్క వానాకాలం చాలు.

ఇనుముతో చేరిన నిప్పుకు సమ్మెట దెబ్బలంటారు.
నిప్పుతో చేరిన ఇనుముకేమంటారో
ఎవరూ చెప్పలేదు.

ఆయన కత్తెర తీశాడు.
మధ్యాహ్నానికి ఒక కుంపటి చుట్టి
లోపల మట్టిగిన్నె దించమని నాకిచ్చాడు.
వేడిని ఆపేది ఆ రెండువేళ్ళ మట్టి.
రేకు పని మట్టిని పట్టుకోవడం, అంతే.
రోజుకు పన్నెండు కుంపట్లు చేసేవాడికి
ఇది తెలియనిదా?
గోడలు కొన్నరోజు ఆమె అడగలేదు.
ఆయన చెప్పలేదు.
గేజి చెప్పిన నేను కూడా.

కుంపటి వద్దంది వైతెరా.
రేకులన్నీ కిలోలెక్కన తీసుకోమంది.
తూచింది నేనే.
ముల్లు నిలిచేదాకా
ఇద్దరూ ముల్లునే చూశారు.