మూడొందల పన్నెండో వంతు

కగ్గదాసపుర, మూడో అంతస్తు, రాత్రి ఒకటీ నలభై.
కింద నీళ్ల ట్యాంకర్ వెనక్కొస్తూ
సగం వీధిని లేపుతోంది.
నా తెర మీద మూడొందల పన్నెండో వంతు.

అక్టోబరులో మొదలుపెట్టిన ఆట.
ఒక గుడిసె, ఒక ఈటె,
ఎటు చూసినా నల్లమబ్బు.
ఇప్పుడు పద్నాలుగు పట్టణాలు, పేర్లన్నీ మావైపువే.
రాజధాని కదిరి.
సముద్రం ఎరగని పుంగనూరుకి
నేనే ఒక రేవునిచ్చాను.
మంచు అంచున, ఎర్ర కప్పులతో, పీలేరు.

ఇక తిరిగింది చాలు, దారి తేల్చుకో అంటోంది ఆట.

కత్తి దారి ఉప్పురాణి పొలాల మీదుగా పోతుంది.
ఉప్పురాణి నేను పెట్టుకున్న పేరే.
నలభయ్యో వంతు నుంచి ఆమె ఉప్పు, నా గుర్రాలు.
ఆమె సరిహద్దులో ఒక్క సిపాయీ లేడు.
నా మీద నమ్మకం కాదు, అలా రాసి పెట్టారు, అంతే.
పగలంతా నా ఉద్యోగం అదే కదా,
ఇలాంటి రాతల్లో తప్పులు పట్టడం.
అన్నీ తెలుసు.
తెలిసీ, ఆమె గోధుమచేల ముందు ఫిరంగులు నిలబెట్టి
పదకొండు వంతులైంది.
వేలు కదలదు.

రాకెట్‌కి నాకు ముప్పై ఒక్క వంతులు కావాలి.
పడమటివాడికి పందొమ్మిది చాలు.
కరెంటు బిల్లు వెనక రెండుసార్లు లెక్కేశాను,
రెండుసార్లూ వాడే ముందు.

పాటల దారి ఎప్పుడో మూసుకుపోయింది.
నాటకశాలకి తెచ్చిన రాళ్లతో కోటగోడ కట్టాను.
అప్పట్లో భయం ఎక్కువ నాకు.

మిగిలింది ఓట్లు.
ఇరవై కావాలి, పదిహేడున్నాయి.

షాహీన నీళ్లకి లేచి, నా కుర్చీ వెనక నిలబడింది.
"ఇంకా గెలవలేదా?"
"దారి చూస్తున్నా."
"గెలిస్తే ఏమిస్తారే?"
"ఒక బొమ్మ చూపిస్తారు. కాస్త మ్యూజిక్."
"దానికి ఏడు నెలలా!"
ప్రొద్దుటూరు పిల్ల, ధర తెలియకుండా దేన్నీ ముట్టదు.
తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది.
"ఆ ఎర్రకప్పుల ఊరు మాత్రం బాగుంది."

మా పెద్దత్త బండల మీద బొగ్గుతో
పులిజూదం గీసేది.
పులులెప్పుడూ నావే. మేకలు తను ఉంచుకునేది.
ఒకటి తిన్నాను, రెండు తిన్నాను, నాలుగు తిన్నాను,
ఆమె వక్క నములుతూ ఉలకదు పలకదు.
తల దించి చూస్తే
నా పులికి అడుగు పెట్టే చోటుండదు.
"కడుపు నిండింది కదా, ఇంక కూర్చో."
ఏడ్చి గీతలు చెరిపేసేదాన్ని.
అవి మేకలు గెలిచే ఆట కూడా అని
ఇంతకాలం పట్టింది నాకు.

మూడు చిన్న రాజ్యాలు, మూడు ఓట్లు.
ఒకరికి గుర్రాలు కావాలి. ఇచ్చాను.
ఒకరికి ఉప్పురాణి ముందు నుంచి ఫిరంగులు తీసేయాలి.
ఈ మాట ఎవరైనా అడుగుతారేమోనని
చూస్తున్నట్టున్నాను, వెంటనే తీశాను.
మూడోవాళ్లకి పీలేరు కావాలి.

రెండొందల వంతులు కాచిన ఊరు.
కరువులో కదిరి నుంచి ధాన్యం పంపిన ఊరు.
వంటింట్లోకి పోయి, చల్లారిన టీ తాగి వచ్చాను.
అడుగుతున్న పెట్టె అలాగే ఉంది.
సరే అన్నాను.
జెండా నీలమైంది.
పేరు మాత్రం పీలేరనే ఉంది,
కొత్తవాళ్లు మార్చలేదు.

ఇరవై.

వంతు ముగించబోతూ, ఎందుకో పటాన్ని తూర్పుకి లాగాను.
చివరి కొమ్ము మీద ఒక వేగు.
ముప్పయ్యో వంతులో నిద్రపొమ్మని మరిచిపోయాను.
రైళ్లొచ్చాయి, విమానాలొచ్చాయి,
వాడికెవరూ చెప్పలేదు.
మంచులో అదే కర్ర, అదే గొంగడి.

లేపాను.
సముద్రం వైపు ఒక్క గడి నడిపించాను.
మబ్బు కాస్త విడింది.
ఏమీ లేదు అక్కడ,
రెండు చేపలు, ఒక రాయి.

కింద ట్యాంకర్ కూత ఆగింది.
చీకట్లో సంపులోకి నీళ్లు పడుతున్న చప్పుడు.
వాణ్ణి ఇంకాసేపు చూడనిచ్చి
వంతు ముగించాను.