ఇసకదిబ్బ లెక్క

పుష్యమాసం. తెల్లవారి ఐదుంబావు.
భీమిలి వంతెన మీద చివరి ట్యూబులైటు ఇంకా ఆరలేదు.
గోస్తని సముద్రంలో కలిసేచోట
ఎల్లాజీ పడవని మోకాల్లోతు నీళ్ళలోకి తోసి
"బేగి ఎక్కండమ్మా, ఆటు మనకోసం ఆగదు" అన్నాడు.
టీ ఫ్లాస్కు, మూడుకాళ్ళ స్టాండు, దుర్భిణి,
నిరుటి తడికి అట్ట ఉబ్బిపోయిన నోట్‌బుక్కు,
అన్నిటికన్నా చివర నేను.

ఏటి నోట్లో నాలుకలా ఆ దిబ్బ.
ఏ పటంలోనూ ఉండదు.
తుపాను వచ్చినప్పుడల్లా ఇల్లు మారుస్తుంది.
నిరుడు కొంచెం ఉత్తరంగా ఉండేది.

మా ఇద్దరి భాషలూ వేరు.
నేను నారాయణపక్షి అంటే
అతను తాసీల్దారు అంటాడు:
"పొద్దల్లా నిలబడతాడు, పని సెయ్యడు,
అందింది మింగీసి మల్లీ నిలబడతాడు."
అల అంచున ఉరికే ఉల్లంకులు
బడిగంట ఇన్న గుంటలు.
నీరుకాకి అతని బావమరిది:
"ములిగితే ఎక్కడ తేల్తాడో తెలవదు,
అప్పు అడిగినప్పుడల్లా అంతే."

నా పేజీలో గీతలు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
ఇసకపిట్టలు రెండొందల పదహారు,
రెండొందల పదిహేడు అనబోతుండగా
డేగ.
చప్పుడు లేదు. వెలుగు ఒకచోట వంకరపోయింది,
అంతే, దిబ్బంతా లేచింది.
ఒకసారి తెల్లకడుపులు, ఒకసారి మట్టివీపులు,
ఎవరో ఆకాశంలో చాప దులుపుతున్నట్టు.
డేగ ఉత్తికాళ్ళతో పావురాలకొండ వైపు మళ్ళింది.
"పేరు ఇని ఆశపడిపోతంది" అని ఎల్లాజీ నవ్వాడు.
నేను ఒకటి నుంచి మొదలెట్టాను.

అప్పుడు కనబడింది.
కాలికి పసుపుపచ్చ పట్టీ, దాని మీద అక్షరాలు.
ఎక్కడో మంచు కరిగే దేశంలో
ఎవరో దీన్ని గుప్పిట పట్టుకుని
ఆ గుండె అదురు వేళ్ళకి తగులుతుంటే
తొడిగి, వదిలేశారు.
మొదటిది కె. రెండోది సున్నా, లేదా ఓ.
మూడోది కాలి వెనక్కి తిరిగింది.
మోకాళ్ళ మీద పాకాను. అది రెండడుగులు జరిగింది.
నేనూ రెండు. ఒళ్ళంతా ఉప్పు.
ఎంత దగ్గరైతే చదవగలనో
సరిగ్గా అంత దూరంలో ఉంచింది నన్ను.

"అమ్మా."
ఆ పిలుపులో వేళాకోళం లేదు.
దిబ్బకి అటువైపు నీటికుక్క అడుగులు,
రాత్రివే, ఐదువేళ్ళూ విడివిడిగా, తోక ఈడ్చిన గీతతో.
ఆ గీత చివర తాబేలు.
గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడది.
ముందు తెడ్డుకి నీలం నైలాను తాడు
రెండు చుట్లు, కండలోకి దిగి.
కళ్ళున్న చోట ఎండ్రకాయలు అప్పుడే పనిలో ఉన్నాయి.
ఆ నీలం నాకు తెలుసు.
పడవలో దాని ఉండ మీదే కూర్చుని వచ్చాను.
అతనికీ తెలుసు నాకు తెలుసని.

కత్తి తీసి తాడు కోశాడు,
చచ్చినదానికి ఇంకా నొప్పి పుడుతుందేమో అన్నంత మెల్లగా.
"శ్రీకూర్మం వోరి పేరు సెప్పి
మాయమ్మ దీనికి దణ్ణం ఎట్టీది" అన్నాడు,
నాతో కాదు.
అతను తెడ్డుతో, నేను చేతులతో
గుంట తవ్వాం. తవ్వినకొద్దీ నీళ్ళు ఊరాయి.

నా ఫారంలో జాతి, సంఖ్య, వేళ, ఇతర విషయాలు.
ఆఖరి గడి వేలెడంత.
తాబేలు ఒకటి, అని రాశాను.
తర్వాత ఏం రాయాలో తోచక
పెన్నుకి మూత పెట్టాను.

పోటు మొదలైంది. దిబ్బ అంచులు కరుగుతున్నాయి.
మిగిలిన జానెడు ఎత్తు మీద పిట్టలన్నీ
పెళ్ళిబస్సులో జనంలా ఒత్తుకున్నాయి.
"సదివేరా, దాని కాలి మీద అచ్చరాలు?"
లేదు.
"పోనీండి, పై పుష్యానికి అదే వస్తాది."
నోట్‌బుక్కులో కె, సున్నా, పక్కన ఒక ఖాళీ.

వంతెన దగ్గరపడుతుంటే
నీలంతాడు ఉండని కాలితో
పడవ మూలకి నెట్టాడు ఎల్లాజీ.
ఒక అల పడవని ఎత్తింది.
ఉండ దొర్లుకుంటూ మళ్ళీ
మా ఇద్దరి మధ్యకి వచ్చింది.