పన్నెండు

వేలంలో తొమ్మిది వందల డాలర్లకు కొన్న పికప్పు,
నాకంటే ఆరేళ్లు పెద్దది.
నెబ్రాస్కా ఇసుక గుట్టల మీద, జూలై ఎండలో,
గడ్డి చుట్టలు వీపున వేసుకుని
నల్లగా పొగ కక్కుతోంది,
నన్ను పొమ్మనలేక పొగబెట్టినట్టు.

గ్యాలనుకు ఏడు మైళ్లు.
ప్లగ్గులు మార్చాను, తగ్గలేదు.
ఆక్సిజన్ సెన్సరు మార్చాను, అప్పు మిగిలింది.
డ్యాష్‌బోర్డులో పసుపు దీపం
రాత్రుళ్లు కంట్లో పొడుస్తుంటే
దాని మీద నల్ల టేపు అంటించాను.

ఇర్మా వోండ్రాచెక్ వచ్చీ రాగానే ఆ టేపు పీకింది.
"నోట్లో గుడ్డలు కుక్కి
ఏమైందో చెప్పమంటే ఎట్లా చెబుతుంది, రాస్కో?"

డెబ్భై మూడేళ్లు. కంచెకి అవతలి మనిషి.
ధాన్యం గిడ్డంగి షెడ్డులో ముప్ఫై ఏళ్లు
ట్రాక్టర్లు విప్పి బిగించిన వేళ్లు
ఇప్పుడు వేటికవే ఒక్కో దిక్కు చూస్తున్నాయి.
సీటు మీది కరెంటు బిల్లుకున్న పేపర్ క్లిప్పు లాగి,
పళ్లతో వంచి,
స్టీరింగు కింద చీకట్లో సాకెట్టు వెతికి
పై వరసలో కుడి చివరి రెండు కన్నాలనూ కలిపింది.
"తాళం తిప్పు. ఇంజను లేపకు."

ఒక మిణుకు.
ఆగి,
రెండు మిణుకులు.

"పన్నెండు," అంది. "ఇది జబ్బు కాదు.
నాకు మాటొచ్చు అంటోంది, అంతే."
చెవిటివాళ్లకు చెప్పినట్టు
మూడుసార్లు అదే మాట.

తర్వాత
ఒక మిణుకు.
ఆగి...
నేను లెక్క తప్పాను.
ఆమె తప్పలేదు. తొడ మీద బొటనవేలితో
ఒక్కొక్కటే దింపుకుంటోంది.
పదిహేను.

"కూలెంట్ వేడి చూసే సెన్సరు!" పుస్తకం తిరగేసి అరిచాను.
"రేపే కొత్తది తెస్తాను."
"పిల్లాడు చెవి పట్టుకుని ఏడిస్తే
చెవి మార్చేస్తావా? పన్నేమో చూడవా?
కోడు చెప్పేది విడిభాగం పేరు కాదు, ఫిర్యాదు."

ఆ ఫిర్యాదు ఏమిటంటే:
బయట జనవరి.
సున్నాకి నలభై డిగ్రీల కింద లోకం గడ్డకట్టింది.
అందుకే కంప్యూటరు
వణికే మనిషి మీద కంబళి మీద కంబళి కప్పినట్టు
పెట్రోలు పోస్తోంది, పోస్తోంది.
నేను చొక్కా విప్పి పిండుకుంటున్నాను.
మిడతలు రేకు బానెట్టు మీద వాలి, కాలి, ఎగురుతున్నాయి.
ఇన్నాళ్లూ నేను తోలింది
ఎవరిదో మంచుకాలాన్ని.

సెన్సరు ప్లగ్గు ఊడదీసి
అదే క్లిప్పుతో దాని రెండు కొసలనూ కలిపింది.
"ఇప్పుడు దీనికి కొలిమి కనబడాలి.
పద్నాలుగు అంటే సెన్సరు పోయినట్టు.
మళ్లీ పదిహేనే అంటే దారి తెగినట్టు."
ఫ్యూజు పీకి, పాతవన్నీ మరిచిపోయేదాకా ఆగి,
కాసేపు ఇంజను నడిపి, ఆపి,
క్లిప్పు మళ్లీ సాకెట్టులో గుచ్చి అడిగితే
మళ్లీ పదిహేనే.

కబురు బయల్దేరింది, చేరలేదు.

మూర పొడవు వైరు. పైకి ఎక్కడా గీత లేదు.
కాఫీ కప్పు జారవిడిచే ఆ వేళ్లు
అంగుళం అంగుళం తడుముకుంటూ పోయి
మానిఫోల్డు వంపు దగ్గర ఆగిపోయాయి.
"ఇక్కడ ఎముక లేదు."
చాకుతో తొక్క చీలిస్తే
రాగి బదులు పచ్చటి పొడి.

అతుకు నేనే వేశాను, ఆమె చూపు నా మెడ మీద ఉండగా.
"ఆ టేపు చుట్ట ఇంకా ఉందా?
దానికిప్పుడు పని దొరికింది."

ఎంతివ్వాలని అడిగేలోపే కంచె దాటింది.

ఒక్కణ్నే తాళం తిప్పాను.
ఒకటి. ఆగి, రెండు.
ఒకటి. ఆగి, రెండు.
తర్వాత ఏదో వస్తుందని ఊపిరి బిగబట్టాను.
ఒకటి. ఆగి, రెండు.
ఏ ఫిర్యాదూ లేదు, మాట మాత్రం ఉంది.
క్లిప్పు తీసేయొచ్చు. తీయబుద్ధి కాలేదు.

కరెంటు బిల్లు ఎప్పుడు ఎగిరిపోయిందో,
గడువు ఎప్పటిదో.