నాలుగు వందల పది ఫీట్లు

పొద్దుగాల ఐదున్నరకు మాల్ కాడ కలిసినం, తొమ్మిది కార్లు.
అండ్ల నాది ఒక్కటే సెకండ్ హ్యాండ్.
పూనాల ఎవరో సేటు కొడుకు
రెండేండ్లు నడిపి ఇడిసిపెట్టిన ఎర్రబండి.
దాని కడుపుకు, నేలకు నడుమ నాలుగంగుళాలు.
పట్నంల వాళ్లేం పనులు చేస్తరో నేనడుగలే.
నన్నడిగిండ్రు.
"బోర్లు ఏస్త. రెండు బండ్లున్నయి."
పండ్ల డాక్టరమ్మ నుస్రత్ నవ్వింది:
"అయితే వాన పడితే మీకు లాసే గదా!"
అప్పటికే ముసురు పట్టింది.

మల్లేపల్లి దాటినంక పెద్దగైంది.
తోవ కానొస్తలేదు.
ముంగటి కారు ఎనక లైట్లు రెండు
నానిన పండుమిరపకాయల లెక్క.
రెండు వందలు ఉరికే బండి ముప్పైల పోతుంటే
దేవరకొండ డిపో బస్సు ఎదురొచ్చి
అద్దం నిండ బురద కొట్టి మలిగి చూడకుంట పోయింది.
వాకీటాకీల విక్రాంత్: "అందరూ నంబర్లు చెప్పండి."
ఐదు, ఆరు.
ఏడు, నేను.

ఈ తోవ నాకు పైనుంచి ఎరుక లేదు,
కిందినుంచి ఎరుక.
గీ ఊరికి రెండు వందలల్ల గ్యాపు తగులుతది.
గా బత్తాయి తోటకు మూడు వందల ఇరవై, ఉప్పునీళ్లు.
గా ఎర్రదిబ్బ కింద ఒక్కటే రాయి,
బిట్టు కాలి వాపసొస్తది.
ఎండకాలం రాత్రులు
నా బండి మొరుగుతుంటే
ఇంటిల్లిపాది టార్చిలైట్లు పట్టుకొని చుట్టు కూసుంటరు,
పైపుల నుంచి లేసే తెల్లదుమ్మును
పిడికిట్ల పట్టి పిసికి చూస్తరు, తడి ఉన్నదేమోనని.
ఆ దుమ్ము పైసలే ఈ కారు.
అబద్ధమాడి ఏం లాభం.

డిండికి ఇవతల వాగు రోడ్డెక్కింది.
బస్సు దాటింది. ఆటో సుత దాటింది.
పదకొండు బర్లు తోకలూపుకుంట దాటినయి.
మా తొమ్మిది ఇంజన్లల్ల కలిపి
మూడు వేల గుర్రాల బలమున్నదని
విక్రాంత్ పొద్దుగాలనే లెక్క చెప్పి ఉండె.
ఒక్క గుర్రం నీళ్లల్ల దిగలే.

మలుపబోతే నా ఎనక టైరు డాంబర్ దిగి
బురదల కూసున్నది.
యూరియా సంచి కొప్పెర పెట్టుకొని
ట్రాక్టర్ మీద ఒకాయన వచ్చిండు.
కారును చూడలే, నన్ను చూసిండు.
"బోర్ల మల్సూర్‌వి గదా నువ్వు?
నేను తండా సక్రును. ఐదేండ్ల కింద.
నాలుగు వందల పది ఫీట్లు."

పేరు యాదికి రాలే. ఫీట్లు యాదికొచ్చినయి.
దుమ్ము, ఒట్టి దుమ్ము.
ఫీటుకింత అని లెక్కగట్టి తీసుకున్న,
వంద రూపాయలు సుత ఇడువలే.

"దా, ఒకటి సూపెడ్త," అన్నడు.
చెప్పులు చేతుల పట్టుకొని గట్టెంబడి పోయిన.
పోరగాండ్లు పడకుంట
కేసింగు మూతికి పెట్టిన బండ పక్కకొరిగి ఉన్నది.
మోటరు లేదు, కరెంటు లేదు,
పైపు నోట్లకెల్లి నీళ్లు
జానెడెత్తు లేసి
నిమ్మళంగ పత్తిసాల్లల్లకు పోతున్నయి.
"నిన్నటి సంది గిట్లనే.
పత్తి మురుగుతది గాని, చూడబుద్ధయితుంది."

చెయ్యి పెట్టిన.
నా బిట్టు తిరిగిన పైపే, ఆరున్నర అంగుళాలు.
ఏమనాల్నో తెల్వలే.
"పడ్డది," అన్న.
"ఆఁ, పడ్డది," అన్నడు సక్రు, "జర ఆలశ్యమైంది."

తాడు కట్టి కారు గుంజిండు.
ఐదు వందలడిగిండు. నేను బేరమాడలే.
తడి నోట్లు ఒక్కొక్కటి ఇడదీసి
లెక్కపెట్టుకొని తీసుకున్నడు.
ఇగ పోతననంగ
ఒక్కపారి లోపల కూసోని చూస్తనన్నడు.
బురద కాళ్లతోని కూసున్నడు.
"బువ్వకు కూసున్నట్టే ఉన్నది గదనె!"
హారన్ కొట్టిండు.
వాగు అవతల బర్రె ఒక్కటి సుత మలిగి చూడలే.

మల్లేపల్లి దాక
బండి కడుపు కింద నీళ్లు కొట్టుకునే చప్పుడు.
ఎనక్కి పోతున్న తొమ్మిది కార్లను
విక్రాంత్ మల్ల పిలుస్తుండు. ఐదు. ఆరు.
ఆరు కాడ ఆగింది.
"ఏడు? ఏడు ఉన్నరా?"
బటన్ ఒత్తి
నాలుగు వందల పది అనబోయి
ఏడు అన్న.