పసుపు జాకెట్లు

ముసఫ్ఫా క్యాంపు. మెస్సు రూంల టీవీ.
రొట్టెను పప్పుల ముంచుకుంట లింబాద్రి అడిగిండు:
"ఏ కంపెనోళ్ళురా వీళ్ళు?"

తెర నిండ మా జాకెట్లే.
అదే పసుపు, అదే మెరిసే పట్టీ.
వెనుక కారొకటి కాలుతున్నది.
పారిస్ అట. డీజిల్ మీద పన్ను పెంచిండ్రట.

"మనకా బాధ లేదు,
ఈడ పన్నే లేదు" అన్నడు ఫోర్‌మన్
పండ్లు కుట్టుకుంట.

నిజమే, లేదు.
ఏజెంటుకు లక్షా నలభై,
దాని మీద మూడు రూపాల మిత్తి,
మూడు నెల్ల జీతం "వచ్చే వారం",
పాస్‌పోర్టు మేనేజర్ బీరువాల.
వీటికెవ్వరు పన్నని పేరు పెట్టలే.

మొన్న ముప్పై రెండో అంతస్తు అద్దం తుడుస్తుంటే
లోపల తెల్లాయనొకడు ఉత్త కాళ్ళతోని
పెట్టెలు విప్పుతున్నడు.
వాళ్ళ దేశంల పన్ను కట్టలేక వచ్చిండని
వాచ్‌మన్ చెప్పిండు. *కట్టలేక.*
నన్ను చూసి చెయ్యూపిండు.
నేనూ ఊపిన.
తాడు ఊగింది.

ఆ రాత్రి లింబాద్రి
టీవీ బందు పెట్టినంక గూడ
తెర దిక్కే చూసుకుంట కూసున్నడు.

నాలుగింటికి బస్సు.
అరవై జాకెట్లు, ఒక్క మాట లేదు.
ఎదురుంగ లారీ లైటు పడ్డప్పుడల్ల
అందరం ఒక్కసారే మెరుస్తున్నం.